ప్రోగ్రాముకు తగిన ప్రాసెసర్: పరీక్షా క్షేత్రం మనదే కావాలి

రకాల ఎంపికలో మనకు చిరపరిచితమైన సమస్య ఒకటి ఉన్నది. పది కేంద్రాలలో ఇరవై రకాలను పరీక్షిస్తే సగటు దిగుబడిలో ఏదో ఒక రకం ముందుంటుంది. కేంద్రాలవారీగా చూస్తే మాత్రం ఆ రకమే ప్రతిచోటా మొదటిది కాదు. జన్యురూప–పరిసర పరస్పర చర్య అని మనం విద్యార్థులకు బోధించేది దీనినే. 1966లో ఎబర్‌హార్ట్, రసెల్ స్థిరత్వ విశ్లేషణ పద్ధతిని ప్రతిపాదించిన నాటినుంచి ఈ విషయంపై వ్యవసాయ పత్రికలలో వచ్చిన వ్యాసాలకు లెక్క లేదు. కంప్యూటర్ ఇంజనీర్లు ప్రాసెసర్ల విషయంలో ఇదే ప్రశ్న వేసుకున్నారు. వారికి దొరికిన సమాధానంలో మనం చేయవలసిన పని కూడా కొంత ఉన్నదని నా అభిప్రాయం.

నేను ఈ విషయం వైపు రావడానికి ఒక వైఫల్యం కారణం. మొక్కజొన్న సాళ్లలో కలుపును కెమెరాతో గుర్తించి, ఉన్నచోటనే మందు పిచికారీ చేసే పరికరాన్ని మా విద్యార్థులు తయారు చేశారు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసింది. చేలో ట్రాక్టర్ వేగాన్ని అందుకోలేకపోయింది. మధ్యాహ్నపు ఎండకు వేడెక్కి ఆగిపోయేది కూడా. ఇంకా పెద్ద బోర్డు కొనమని సరఫరాదారు సలహా ఇచ్చారు. ఎలక్ట్రానిక్స్ బోధించే మిత్రుడొకరిని సంప్రదిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: “మీ ప్రోగ్రాము తన సమయాన్ని ఏ పనిలో గడుపుతున్నది?” నా వద్ద జవాబు లేదు. భూసార పరీక్ష చేయించకుండా ఎరువుల మోతాదు అడిగే రైతును ఎన్నిసార్లు మందలించానో గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను.

కొలిచి చూస్తే, కాలంలో ఎక్కువ భాగం కలుపును గుర్తించడంలో పోవడం లేదు. కెమెరా పంపిన పెద్ద చిత్రాన్ని చిన్నదిగా మార్చడంలో పోతున్నది. మిగిలిన పనిలో అధిక భాగం చిన్న పూర్ణాంకాల గుణకారం, కూడిక మాత్రమే. దశాంశ గణితం దాదాపు లేదు. అంటే పరికరంలోని ప్రాసెసర్ సామర్థ్యంలో ఎక్కువ భాగం మా పనికి అక్కరలేనిదే.

అక్కరలేనిదాన్ని తొలగించి, అవసరమైనదాన్ని పెంచుకునే వీలు ప్రోగ్రామబుల్ చిప్‌లలో ఉన్నది. ఎఫ్‌పీజీఏ అని పిలిచే ఈ చిప్‌లలో మొదటిదాన్ని జైలింక్స్ సంస్థ 1985లో మార్కెట్‌లోకి తెచ్చింది. అందులో ఉన్నవి 64 తర్క దిమ్మెలు. నేటి చిప్‌లలో లక్షల సంఖ్యలో ఉంటాయి. ప్రతి దిమ్మెలో ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఏ పట్టికలో ఏమి నింపాలి, ఏ దిమ్మెను దేనితో కలపాలి అన్నది చిప్ తయారైన తరువాత, కొన్నవారే నిర్ణయించవచ్చు. ఆ దిమ్మెలతో ఒక ప్రాసెసర్‌నే నిర్మిస్తే దానిని సాఫ్ట్ ప్రాసెసర్ అంటారు. ఆల్టెరా సంస్థ తన నియోస్ 2 ప్రాసెసర్‌ను పొదుపైనది, మధ్యస్థమైనది, వేగవంతమైనది అని మూడు రూపాలలో ఇచ్చింది. మన స్వల్పకాలిక, మధ్యకాలిక, దీర్ఘకాలిక రకాల వలె.

మూడు రూపాలు చాలునా అన్నదే టొరంటో విశ్వవిద్యాలయంలో యియన్నాకురాస్, స్టెఫాన్, రోజ్ వేసుకున్న ప్రశ్న. వారు అనేక సాఫ్ట్ ప్రాసెసర్లను యంత్రసహాయంతో తయారు చేసి, ఒక్కొక్క ప్రోగ్రామును ఒక్కొక్క దానిపై నడిపి చూశారు. ఫలితాలను 2006లో ప్రకటించారు. సగటున ఉత్తమమైన ప్రాసెసర్ ఒకటి తేలింది. కానీ ప్రోగ్రాములవారీగా ఉత్తమమైనవి వేరుగా ఉన్నాయి. ఒక ప్రోగ్రాముకు పైప్‌లైన్‌లో ఎక్కువ దశలు లాభం, మరొకదానికి నష్టం. అంకెలను పక్కకు జరిపే షిఫ్టర్ ఈ చిప్‌లలో చాలా స్థలం తీసుకుంటుంది. దానిని తరచుగా వాడని ప్రోగ్రాముకు నెమ్మదైన చిన్న షిఫ్టర్ సరిపోతుంది. ప్రోగ్రాము ఎన్నడూ వాడని ఆదేశాలకు సంబంధించిన భాగాలను తొలగించినప్పుడు సగటున నాలుగో వంతు స్థలం, దాదాపు అంతే శక్తి ఆదా అయ్యాయి. స్థిరత్వ విశ్లేషణ పట్టికలు చదివిన మనకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు. ఎంటీయూ 7029ను, ఎంటీయూ 1010ను ఒకే కాలానికి, ఒకే నేలకు సిఫారసు చేసేవారు మనలో ఎవరూ లేరు.

తొలగించడం ఒక మార్గమైతే, చేర్చడం రెండవది. 2010లో బర్క్‌లీలో మొదలైన రిస్క్–ఫైవ్ ఆదేశ సమితిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. అందులో సొంత ఆదేశాలు చేర్చుకోవడానికి ప్రత్యేకంగా స్థానం కేటాయించారు. మద్రాసు ఐఐటీ ‘శక్తి’, సీ–డాక్ ‘వేగా’ ప్రాసెసర్లు ఈ సమితిపైనే నిర్మితమయ్యాయి. నాలుగు చిన్న గుణకారాలను, వాటి కూడికలను ఒకే ఆదేశంతో ముగించే భాగాన్ని చేర్చితే, మా కలుపు ప్రోగ్రాము వంటివి గణనీయంగా వేగవంతమవుతాయి. గూగుల్, హార్వర్డ్ పరిశోధకులు సీఎఫ్‌యూ ప్లేగ్రౌండ్ అనే బహిరంగ సాధనంతో ఇటువంటి పని చేసి 55 నుంచి 75 రెట్ల వేగాన్ని సాధించినట్లు ప్రకటించారు.

ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణం ఆగాలి. 75 రెట్లు దేనితో పోల్చి? ఏ మార్పూ చేయని సాఫ్ట్ ప్రాసెసర్‌తో. అది ఎరువు వేయని కంట్రోల్ మడి వంటిది. రైతు పద్ధతితో పోల్చినప్పుడు ఆధిక్యం ఎంత అన్నది వేరే ప్రశ్న. ఒకే తర్కాన్ని స్థిరమైన చిప్‌గా పోతపోయడానికీ, ఎఫ్‌పీజీఏలో నింపడానికీ తేడాను కువాన్, రోజ్ 2007లో లెక్కగట్టారు. పట్టికలతోనే నిర్మించిన సర్క్యూట్లకు ఎఫ్‌పీజీఏలో సగటున 35 రెట్ల స్థలం పట్టింది. వేగం మూడు నాలుగు రెట్లు తగ్గింది. పనిలో ఖర్చయ్యే విద్యుత్తు సుమారు 14 రెట్లు. కనుక గంటకొకసారి మేల్కొని నేల తేమను కొలిచి మళ్లీ నిద్రించే పరికరానికి ఎఫ్‌పీజీఏ అనవసరమైన ఆడంబరం. దానికి వంద రూపాయల మైక్రోకంట్రోలరే మేలు. పని భారమైనది, ఒకే తీరులో సాగేది, పరికరాల సంఖ్య కొత్త చిప్ పోతపోయించడానికి చాలనిది అయినప్పుడే ఈ మార్గం యోగ్యం. సాళ్ల మధ్య కలుపు గుర్తింపు, డ్రోన్‌పై అనేక వర్ణపటాల చిత్రాల పరిశీలన, గింజల నాణ్యతను బట్టి వేరుచేయడం ఈ కోవలోకి వస్తాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రమాదం వేరొకటి ఉన్నది. ప్రాసెసర్‌ను ప్రోగ్రాముకు అనుగుణంగా దిద్దేవారు ముందుగా ఆ ప్రోగ్రామును కొంత దత్తాంశంపై నడిపి చూస్తారు. ఆ దత్తాంశం ఎక్కడిది? మా మొదటి చిత్రాలన్నీ పరిశోధనా క్షేత్రంలో తీసినవి. అక్కడ కలుపు సకాలంలో తీస్తారు, సాళ్లు తిన్నగా ఉంటాయి. రైతు చేలో ఊద, తుంగ, గరిక, వయ్యారిభామ ఒకదానిపై ఒకటి అల్లుకొని ఉంటాయి. ఒక్కో చిత్రంలో మొక్కల సంఖ్య పెరిగితే ప్రోగ్రాము చేసే పని పెరుగుతుంది, పని స్వభావమూ మారుతుంది. శుభ్రమైన మడిలో ఒక్కసారైనా అవసరపడని ఆదేశం కలుపు నిండిన చేలో అవసరపడవచ్చు. నడిపి చూసిన ఆధారంతో మాత్రమే దానిని తొలగించి ఉంటే పరికరం అక్కడే ఆగిపోతుంది. కంపైల్ చేసిన ప్రోగ్రాము మొత్తాన్ని పరిశీలించి తొలగించేవారు ఈ పొరపాటు చేయరు. అయినా వేగానికి సంబంధించిన నిర్ణయాలు మాత్రం నడిపిన దత్తాంశంపైనే ఆధారపడతాయి. పరిశోధనా కేంద్రంలో గెలిచి మినీకిట్ దశలో ఓడిన రకాలను మనం చూడలేదా?

ఈ పనిలో ఇంజనీరుకు మన సహాయం అవసరమయ్యేది ఇక్కడే. ఏ నేల రంగు, ఏ పూట వెలుతురు, విత్తిన ఎన్నవ రోజు, ఎంత సాంద్రతలో కలుపు – ఇవి ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఈ దత్తాంశం తయారీని సాంకేతిక సహాయకుల పనిగా భావించే ధోరణి మన విభాగాలలో ఉన్నది. నేను కూడా అలాగే భావించాను. అది తప్పు. ఇది పరీక్షా కేంద్రాల ఎంపిక వంటి పని, సస్యశాస్త్రజ్ఞుడు స్వయంగా చేయవలసినది.

కొనుగోళ్ల విషయంలో ఒక మాట. ఎఫ్‌పీజీఏ గొప్పతనం మళ్లీ నింపుకోగలగడం. కలుపు మారినా, పంట మొక్కజొన్న నుంచి పత్తికి మారినా, ప్రాసెసర్‌ను కొత్త ప్రోగ్రాముకు తగినట్లు తిరిగి దిద్దవచ్చు. కానీ మూల రూపకల్పన సరఫరాదారు వద్దనే ఉండిపోతే ఆ సౌలభ్యం ఆయనకే గాని మనకు గాని, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలకు గాని దక్కదు. టెండరు షరతులలో మూల రూపకల్పన, తిరిగి నింపే సాధనం, పరీక్షకు వాడిన దత్తాంశం అనే మూడింటినీ కోరాలి. వీటిని ఇవ్వనివారు తక్కువ ధర కోట్ చేసినా తిరస్కరించే అధికారం సాంకేతిక కమిటీకి ఉండాలి. దీనివల్ల ధర పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. రెండవ సీజనుకే మూలనపడిన యంత్రాల ధరను కూడా అదే లెక్కలో వేసుకోమని నా మనవి.

ఈ ఖరీఫ్‌లో మా విద్యార్థులు ఎర్ర నేలల్లోని మొక్కజొన్న చేలలో, విత్తిన 10వ రోజు నుంచి 40వ రోజు వరకు, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చిత్రాలు తీస్తున్నారు. కలుపు తీయని రైతుల చేలనే ఎక్కువగా ఎంచుకున్నారు. నల్లరేగడి ప్రాంతపు కేంద్రాలవారు కూడా ఇదే పద్ధతిలో చిత్రాలు సేకరించి పంచుకోగలిగితే, కొత్త ప్రాసెసర్ రూపాన్ని నిర్ణయించే ముందే రెండు నేలల తేడాను కొలవవచ్చు.