జవాబు ఏ గుమ్మం నుంచి పోతోంది?

నెట్‌వర్కింగ్ కోర్సు పూర్తయింది. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఓఎస్‌ఐ ఏడు పొరలూ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి తెల్లకాగితం మీద ఒక పెట్టె గీసి, మూడు గీతలు తగిలించి అడుగుతాడు: ‘ఇది ఫైర్‌వాల్. ఈ రెండూ రెండు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు, మూడోది లోపలి ఆఫీసు. రెండో లైన్ చిరునామాకి బయటి నుంచి కనెక్ట్ కావట్లేదు. లైన్ బాగుంది, అనుమతి రూల్ కూడా ఉంది. ఎక్కడ చూస్తారు?’

‘ఎనీ టు ఎనీ పర్మిట్ ఇచ్చి చూస్తాను సర్’ అన్నారంటే పని అయిపోయినట్టే. కాపలా పెట్టడానికి కొన్న పెట్టెకి తలుపులన్నీ తీసేసే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? పైగా జబ్బు రూల్‌లో లేదు, రౌటింగ్ టేబుల్లో ఉంది.

గుడికెళ్లి తూర్పు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి టోకెన్ తీసుకున్నారనుకోండి. దర్శనమయ్యాక జనంతోపాటు పడమటి గుమ్మం నుంచి బయటపడ్డారు. టోకెన్ మీ జేబులోనే ఉంది, కానీ అక్కడి స్టాండు వాడికి దాంతో పనిలేదు. ప్యాకెట్ సంగతీ అంతే. మామూలు రౌటింగ్ టేబుల్ ప్యాకెట్ ఎటు వెళ్లాలో చూస్తుంది గానీ, దాని అడుగు వచ్చిన గుమ్మం ఏదో చూడదు. మొదటి లైన్ చిరునామా 203.0.113.2, రెండోది 198.51.100.2 అనుకుందాం. డిఫాల్ట్ రూట్ మొదటి లైన్ వైపు ఉంది. రెండో లైన్లో వచ్చిన అభ్యర్థనకి జవాబు 198.51.100.2 పేరుతోనే తయారై, మొదటి లైన్లోంచి బయటికి పోతుంది. తనది కాని చిరునామాతో వచ్చిన ప్యాకెట్‌ని ఆ కంపెనీ పడేయవచ్చు. అలా పడేయమని 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2827 చెబుతోంది కూడా. దొంగ చిరునామాలతో చేసే దాడుల్ని ఆపడానికి పెట్టిన పద్ధతి అది.

లినక్స్ ఫైర్‌వాల్ అయితే కథ ఇంకా ముందే ముగియొచ్చు. ఆర్‌పీ ఫిల్టర్ కఠినంగా ఉంటే, ‘ఈ మనిషికి జవాబివ్వాలంటే నేను మొదటి లైన్ వాడతాను, ఇతను రెండో దాంట్లో ఎందుకొచ్చాడు?’ అని వచ్చిన ప్యాకెట్‌నే కర్నెల్ పారేస్తుంది. ఇన్‌పుట్ రూల్ దాకా అది చేరదు కాబట్టి ఆ రూల్ లాగ్‌లో ఒక్క అక్షరం ఉండదు. గంటల తరబడి లాగ్ చూసినా దొరకని లోపం ఇదే. ఇలాంటి ప్యాకెట్లకి లినక్స్ పెట్టిన పేరు మార్షియన్, అంటే అంగారకుడి నుంచి ఊడిపడ్డవన్నమాట. వాటిని లాగ్ చేయమని విడిగా చెప్పాలి.

దీనికి మందు, రెండో లైన్‌కి విడిగా ఒక రౌటింగ్ టేబుల్. అందులో డిఫాల్ట్ రూట్ 198.51.100.1 వైపు. ఆపైన ‘198.51.100.2 నుంచి బయల్దేరేవి ఈ టేబుల్ చూడాలి’ అని ఒక ఐపీ రూల్. లినక్స్‌లో ఈ సదుపాయం ఎన్నో ఏళ్లుగా ఉంది. మీ మెషీన్లో ‘ఐపీ రూల్ షో’ కొట్టండి. 0, 32766, 32767 అంకెలతో మూడు వరుసలు కనిపిస్తాయి. మీ రూల్ 32766 కంటే ముందు పడాలి, లేకపోతే మెయిన్ టేబుల్ ముందే జవాబు చెప్పేస్తుంది.

చాలామంది కొత్త టేబుల్లో డిఫాల్ట్ రూట్ ఒక్కటే రాసి వదిలేస్తారు. దాంతో ఆ చిరునామా నుంచి లోపలి ఆఫీసుకి వెళ్లాల్సినది కూడా ఇంటర్నెట్ దారి పడుతుంది. పక్కింటికి వెళ్లడానికి బస్సెక్కినట్టు. లోపలి నెట్‌వర్క్ రూట్లు కూడా అందులో ఉండాలి. ఇంకోటి: ఫైర్‌వాల్ వెనక సర్వర్‌కి డీనాట్ చేసి ఉంటే, జవాబు రౌటింగ్ దగ్గరికి వచ్చేసరికి దాని మీద సర్వర్ ప్రైవేట్ చిరునామానే ఉంటుంది. చిరునామా చూసే రూల్ అక్కడ పనిచేయదు. కనెక్షన్ వచ్చినప్పుడే దానికి మార్క్ వేసి, జవాబుకి ఆ మార్క్‌ని బట్టి టేబుల్ ఎంచాలి.

మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్‌ని అయితే పూర్తిగా విడదీయడమే మేలు. లేదంటే ఆఫీసు రూట్ ఒకటి తప్పు పడిన రాత్రి, దాన్ని సరిచేయడానికి లాగిన్ అయ్యే దారి కూడా దాంతోపాటే పోతుంది. ఇలా విడదీయడాన్నే సిస్కోలో వీఆర్‌ఎఫ్ అంటారు, జునిపర్‌లో రౌటింగ్ ఇన్‌స్టెన్స్, ఓపెన్‌బీఎస్‌డీలో ఆర్‌డొమైన్. లినక్స్‌లోకి వీఆర్‌ఎఫ్ 2015లో, 4.3 కర్నెల్‌తో వచ్చింది. సీసీఎన్‌పీ ఎన్‌కోర్ సిలబస్‌లోనూ ఇది ఉంది. పేర్లు వేరైనా ఆలోచన ఒకటే కాబట్టి ఒక్కచోట గట్టిగా నేర్చుకుంటే మిగతావి వారంలో పట్టుబడతాయి.

కాలేజీ ల్యాబ్‌లో ఇవన్నీ ఎక్కడున్నాయి అంటారా? నిజమే, చాలాచోట్ల రౌటింగ్ అంటే డైక్‌స్ట్రా ప్రోగ్రాం రికార్డులో రాయడంతోనే సరి. ఆ తప్పు మీది కాదు. కానీ అమీర్‌పేటలో గది అద్దె కట్టి, డంప్స్‌కి మళ్లీ డబ్బు పోసే ముందు, ఈ ప్రయోగానికి ఒక్క పైసా ఖర్చవదని తెలుసుకోండి. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ చాలు. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు ఐదు సృష్టించండి: బయటి మనిషి, రెండు లైన్లు, ఫైర్‌వాల్, లోపలి సర్వర్. ఒక్కోదానికి సొంత ఇంటర్‌ఫేస్‌లు, సొంత టేబుళ్లు ఉంటాయి. వాటిని వర్చువల్ తీగలతో కలిపి, ముందు పైన చెప్పిన తప్పులన్నీ కావాలనే చేయండి. టీసీపీడంప్ రెండు లైన్ల మీదా పెట్టి, జవాబు ఏ గుమ్మం నుంచి పోతోందో కళ్లారా చూడండి. ఆ తర్వాతే సరిచేయండి.

రెజ్యూమెలో ‘ఫైర్‌వాల్ పరిజ్ఞానం ఉంది’ అన్న వరుస కొట్టేసి, దాని స్థానంలో ఈ ల్యాబ్ గురించి రెండు వాక్యాలు రాయండి. ఏం పాడైంది, ఎలా కనిపెట్టారు. తెల్లకాగితం మీద పెట్టె గీసే మనిషి అక్కడి నుంచే ప్రశ్నలు మొదలుపెడతాడు.