మన చలికాలానికి ఈ స్నోమాన్ ఎందుకండీ?

డిసెంబరు వచ్చిందంటే చాలు, హైదరాబాదు కిండర్‌గార్టెన్లలో మంచు కురవడం మొదలవుతుంది. బయట కాదు లెండి, గోడల మీద. థర్మోకోల్ ఉండలు, దూది, చమ్కీ, కాగితం మడిచి కత్తిరించిన ఆరు మూలల మంచురేకలు. మధ్యలో క్యారెట్ ముక్కుతో స్నోమాన్. పక్కన ఒక పెంగ్విన్, ఒక ధ్రువపు ఎలుగుబంటి. (పెంగ్విన్లు ఉండేది దక్షిణాన, ఆ ఎలుగుబంట్లు ఉండేది ఉత్తర ధ్రువం దగ్గర. సరే, గోడ మీద కాపురానికి అడ్డేముంది!) దీని పేరు వింటర్ థీమ్ వీక్.

మా అమ్మాయికి నాలుగున్నరేళ్ళు. బడి పేరు చెప్పను. చెప్పి ప్రయోజనం కూడా లేదు, మా చుట్టుపక్కల నాలుగైదు బళ్ళలో వాకబు చేస్తే అన్నిచోట్లా ఇదే తంతు. సర్క్యులర్ ప్రకారం సోమవారం స్నోమాన్‌కి దూది అంటించడం, మంగళవారం మంచురేకలు లెక్కపెట్టడం, బుధవారం మిట్టెన్లు జతపరచడం, గురువారం ఇగ్లూకి రంగులు వెయ్యడం, శుక్రవారం మఫ్లరు కట్టుకుని స్నోమాన్ వేషంలో రావడం. మిట్టెన్ అంటే వేళ్ళు విడివిడిగా లేని ఊలు చేతితొడుగు. అబిడ్స్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ పిల్ల చేతికైనా అది చూశారా మీరు? ఇక శుక్రవారం మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండలో పాతికమంది స్నోమాన్‌లు చెమటలు కక్కుతూ ఫొటో దిగారు. కరిగిపోలేదు, అదే సంతోషం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే నన్ను ఏదో ఒక సేనలో కలిపేస్తారు. నాకు మంచు మీద కోపం లేదు. స్నోమాన్ మీద అంతకన్నా లేదు. మా అక్కావాళ్ళు మిన్నియాపోలిస్‌లో ఉంటారు. మా మేనల్లుడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు వాళ్ళ టీచరు పిల్లలందర్నీ బయటికి తీసుకెళ్ళి ఒక గాజు గ్లాసు నిండా మంచు ఎత్తించింది. క్లాసులో బల్ల మీద పెట్టి, ఇది కరిగితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో గీత గియ్యమంది. పిల్లలందరూ పైదాకా వస్తాయనే గీశారట. తీరా కరిగాక చూస్తే అడుగున రవ్వంత నీళ్ళు. మిగతాదంతా ఏమైపోయింది అని వాడు రెండ్రోజులు వాళ్ళమ్మని తినేశాడు. (గాలి నాయనా, గాలి!) అదీ పాఠమంటే. ఆ పాఠం నాకు చాలా నచ్చింది.

మరి మనవాళ్ళు తెచ్చుకున్నదేమిటి? ఆ టీచరు గ్లాసు బల్ల మీద పెట్టి అడిగిన ప్రశ్నని వదిలేసి, గోడ మీది బొమ్మని తెచ్చుకున్నారు.

మా పనిలో ఈ జబ్బు రోజూ చూస్తాం. ఎవడో రాసిన కోడ్ నెట్‌లో దొరుకుతుంది, తెచ్చి అతికిస్తారు. అది వాడి మెషీన్ మీద బ్రహ్మాండంగా నడిచింది, ఎందుకంటే అక్కడ దానికి కావలసిన లైబ్రరీ ఉంది. మన దగ్గర అది లేదు. స్క్రీన్ మీద మాత్రం అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల ఏమీ జరగదు. స్నో పాఠానికి కావలసిన లైబ్రరీ కిటికీ అన్నమాట. కిటికీ అవతల మంచు ఉండాలి. కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పసిపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టాడు, 1840లో దానికి ఈ పేరు ఖాయం చేశాడు. పిల్లల తోట అని అర్థం. అలంకారానికి పెట్టిన పేరు కాదు, పిల్లలకి నిజంగానే మట్టి, చిన్న చిన్న మడులు ఇచ్చేవాడు. అక్కడి కొండల్లో చలికాలం మంచు పడుతుంది గనక అక్కడ మంచు కూడా తోటలో పాఠమే. ఇక్కడ మనకి తోట లేదు, మంచూ లేదు, వర్క్‌షీట్ మిగిలింది.

నష్టమేంటి, పిల్లలు సరదాగా దూది అంటించుకుంటే నీకేంటి బాధ అంటారు. చెప్తాను.

మా అమ్మ ఒక సాయంత్రం అలవాటుగా "మంచు పడుతోంది, లోపలికి రా తల్లీ, జలుబు చేస్తుంది" అంది. మా అమ్మాయి బాల్కనీలోంచి ఆకాశంకేసి చూసి, "నానమ్మా, మంచు ఇక్కడ పడదు. మంచు అంటే స్నో. మనకి వింటర్ రాదు" అంది. నవ్వుతూ చెప్పుకునే కబురే, ఆ రోజు మేమూ నవ్వాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. తెలుగులో మంచు అన్నమాట ఎంత పెద్దది! గడ్డి మీద పొద్దున్నే మెరిసేదీ మంచే, విజయవాడ దారిలో ముందు బండి కనపడకుండా చేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. అవసరమైతే పొగమంచు అంటాం, మంచుబిందువు అంటాం. నాలుగున్నరేళ్ళ పిల్లకి ఈ మాటలో ఇప్పుడు ఒకే అర్థం మిగిలింది, అది కూడా తను ఎన్నడూ చూడనిది. తను రోజూ చూసేదానికి పేరు పోయింది. పైగా తన ఒంటికి తెలుస్తున్న చలి చలి కాదని, పెదాలు పగులుతున్నా, స్నానానికి వేణ్ణీళ్ళు కావాలని గోల పెడుతున్నా, తన ఊళ్ళో చలికాలమే లేదని నమ్మింది. బడి చెప్పింది కాబట్టి. కంటికి కనపడేదాని కన్నా కాగితం మీద ఉన్నదే నిజం అనే పాఠం నాలుగేళ్ళకే ఒంటబట్టింది. ఇది చిన్న నష్టమా?

ఇప్పుడు అసలు దూది సంగతికి వద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ దూది ఎక్కడిది? అక్టోబరు నుంచి జనవరి దాకా మన దగ్గర పత్తి తీతల కాలం. దేశంలో పత్తి బాగా పండే రాష్ట్రాల్లో తెలంగాణ ముందువరుసలో ఉంటుంది. ఆదిలాబాదు యార్డు, వరంగల్ ఎనుమాముల, అటు ఆదోని, ఈ నెలల్లో వెళ్ళి చూడండి, ఎటు చూసినా తెల్లగా గుట్టలు. మా వాచ్‌మన్ వాళ్ళది నల్గొండ జిల్లా. దీపావళి వెళ్ళాక ఆయన భార్య ఊరెళ్ళి నెల రోజులు పత్తి ఏరి వస్తుంది. వచ్చేసరికి వేళ్ళన్నీ గీరుకుపోయి ఉంటాయి, ఎండిన పత్తికాయ మొనలు అలా గుచ్చుకుంటాయి. అంటే మన చలికాలంలో నిజంగా తెల్లగా ఉండేది ఒకటుంది, అది పిల్లల చేతుల్లోనే ఉంది, అంటించిస్తున్నారు కూడా. అంటించి, దాన్ని చూపించి "ఇది మంచు" అంటున్నారు! "ఇది పత్తి" అన్న మాట ఆ వారం మొత్తంలో ఒక్కరి నోటి నుంచీ రాలేదు.

ఒక్క పగిలిన పత్తికాయ తెచ్చి బల్ల మీద పెట్టండి. లోపల గదులు లెక్కపెట్టమనండి, సాధారణంగా మూడు నుంచి ఐదు దాకా ఉంటాయి, కాయ కాయకీ మారతాయి. గింజల నుంచి దూది విడదియ్యమనండి, ఎంత మొండికేస్తుందో వేళ్ళకి తెలుస్తుంది. వత్తి చెయ్యమనండి. (గింజలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి, అది టీచరు పని.) లెక్కలు వచ్చాయి, వేళ్ళకి పని వచ్చింది, ఇది ఎవరు ఏరారు అన్న ప్రశ్న వచ్చింది. మంగళవారం నాటి మంచురేకల లెక్క దీని ముందు నిలుస్తుందా?

ఇంకా చెప్పాలంటే చలికాలం మన వంటింట్లోనే ఒక ప్రయోగశాల పెట్టి వెళ్తుంది. కొబ్బరినూనె కరిగే వేడి సుమారు 24, 25 డిగ్రీలు. దీని మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. హైదరాబాదు డిసెంబరులో రాత్రిళ్ళు 15 చుట్టుపక్కల ఉంటుంది, మధ్యాహ్నం 28 దాకా వెళ్తుంది. అంటే మీ ఇంట్లో నూనె సీసా రోజూ గడ్డకట్టి రోజూ కరుగుతుంది, పైసా ఖర్చు లేకుండా. మిన్నియాపోలిస్ పిల్లకి మంచు గ్లాసు ఏం నేర్పిందో మన పిల్లకి ఈ సీసా అదే నేర్పుతుంది. సీసా ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టి ఏది ముందు కరుగుతుందో పందెం వెయ్యండి చాలు.

పాలు తోడుకోవు. అమ్మమ్మలు గిన్నెకి గుడ్డ చుడతారు, లేదా బియ్యం డబ్బాలో దాస్తారు. ఎందుకు? ఒక గిన్నె చుట్టి, ఒకటి చుట్టకుండా క్లాసులో పెట్టి మర్నాడు చూడండి. దోసెలపిండి పొంగదు, అదే కథ.

నీడ సంగతి వేరే. డిసెంబరు 21, 22 తేదీల్లో మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో హైదరాబాదులో మీటరు కర్ర నిలబెడితే నీడ దాదాపు 86 సెంటీమీటర్లు వస్తుంది. అదే కర్ర మే రెండోవారంలో నిలబెడితే నీడ కర్ర కాళ్ళ కిందే మాయమైపోతుంది. సుద్దముక్కతో నేల మీద గీత గీసి పేరు రాసి ఉంచితే చాలు, వేసవి దాకా నడిచే కథ అది. పిల్ల తనంతట తనే "సూర్యుడు పక్కకెళ్ళాడు" అంటుంది. అనకపోతే అనకపోయె, నీడ పొట్టిదైందని చెప్తుంది కదా.

ఇక్కడ ఒక గోతి ఉంది, అందులో పడకండి. ఈ విషయం తల్లిదండ్రుల మీటింగులో ఎత్తితే ఒకాయన వెంటనే "అవునండీ, మన సంస్కృతి! స్నోమాన్ తీసేసి గంగిరెద్దు పెట్టాలి" అన్నారు. బడివాళ్ళు సరేనన్నారు, వాళ్ళకి పోయేదేముంది. జనవరిలో గంగిరెద్దు బొమ్మ ప్రింటు తీసి ఇచ్చారు, రంగులు వెయ్యమన్నారు. పిల్లలు వేశారు. భోగిమంట బొమ్మకి ఎర్ర కాగితం ముక్కలు అంటించారు. అంతే. ఇది లోకలైజేషన్ కాదండీ, స్ట్రింగులు మార్చడం. లోపలి ప్రోగ్రాం అదే. కాగితం గంగిరెద్దుకీ కాగితం స్నోమాన్‌కీ తేడా నాకైతే కనపడలేదు. ఆ వారమే మా వీధిలోకి నిజం గంగిరెద్దు వచ్చింది, సన్నాయితో సహా. బడి గేటు తియ్యలేదు.

"గ్లోబల్ ఎక్స్‌పోజర్" వాదం కూడా విన్నాను, ప్రిన్సిపాల్ గారే చెప్పారు. ఈ పిల్లల్లో సగం మంది రేపు విదేశాలు వెళ్ళేవాళ్ళే కదా సార్ అని. వెళ్ళనివ్వండి. మంచు గురించి తప్పకుండా చెప్పండి, ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు గీకి చేతిలో పెట్టండి, గుల్మార్గ్ ఫొటో చూపించండి. చూపించి "అక్కడ" అనండి. ఆ ఒక్క మాట చాలు. అక్కడ ఇలా ఉంటుంది, ఇక్కడ ఇలా ఉంటుంది, ఎందుకో చూద్దాం. మన లంబసింగి ఉంది కదా, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, ఒక్కోసారి గడ్డి మీది మంచు గడ్డకట్టేంత చలి. మనకీ ఉందని అయినా తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ అంటే ఇక్కడున్నది చెరిపేసి అక్కడిది అతికించడమైతే, అది నాకు వద్దు.

టీచర్లని అనడం లేదు నేను. పాతికమంది పసిపిల్లలు, ఒక ఆయా, వచ్చే జీతం ఎంతో అడక్కపోవడమే మర్యాద. పై ఆఫీసు నుంచి నెల నెలా థీమ్ పెట్టె వస్తుంది, శుక్రవారానికల్లా వాట్సాప్‌లో ఫొటోలు పెట్టాలి. పత్తికాయ కన్నా స్నోమాన్ ఫొటోలో బాగుంటుంది, దానికి లైకులొస్తాయి. పెరుగు తోడుకోవడాన్ని ఫొటో ఎలా తీస్తారు చెప్పండి? తప్పంతా ఆ పెట్టె తయారుచేసి అమ్మేవాళ్ళది, ఫొటో కోసం ఫీజు కట్టే మనుషులది.

దీనికి ప్రభుత్వం ఏదో కొత్త విధానం తేవాలని కూడా నేను అడగడం లేదు. ఉన్నవి చాలు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో బడి చదువుని బయటి జీవితంతో కలపాలన్నది మొదటి సూత్రం. 2022 అక్టోబరులో 3 నుంచి 8 ఏళ్ళ పిల్లల కోసమే ప్రత్యేకంగా ఇంకో చట్రం వచ్చింది, అందులోనూ ఆట, ఇంటిభాష, చుట్టూ ఉన్న పరిసరాలు అనే గోల. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా అని ఒక ఆటవస్తువుల పెట్టె కూడా విడుదల చేశారు. మా ప్రిన్సిపాల్ గారి బల్ల మీద 2022 పుస్తకం ప్రింటు కూడా చూశాను, బైండింగ్ చేయించి పెట్టుకున్నారు. దాని మీద స్నోమాన్ స్టిక్కరు ఉంది :)

ఈసారి సర్క్యులర్ ఇంకా రాలేదు. నేను మాత్రం ముందే రాసిచ్చాను, మూడే మూడు వస్తువులు నావంతు: ఒక కొబ్బరినూనె సీసా, నల్గొండ నుంచి తెప్పించిన పత్తికొమ్మ, ఒక కట్ట తేగలు. తేగ చీల్చి చందమామ తియ్యడం టీచరుగారికి రాకపోతే మా అమ్మ వచ్చి చూపిస్తానంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అయితే ఖాళీయేనట.