పరదేశమున ఆటగాడు: అర్హత ఎవరి చేతిలో?

తిరుపతి జిల్లాలో శ్రీసిటీకి చేరువనే, సత్యవేడు ప్రాంతమున, హీరో సంస్థవారి మోటారు సైకిళ్ల కర్మాగార మొకటి నడచుచున్నది. ఆ సంస్థవారి బండ్లు ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలోని అనేక దేశములకు ఎగుమతి అగుచున్నవి. బండి సరిహద్దు దాటుటకు సుంకపు కాగితములు చాలును. బండి నడుపువాడు సరిహద్దు దాటవలెనన్న కథ వేరు. “ఇంగ్లండులో మోటారు సైకిలు పందేలకు జీతాలిస్తారంట గదా సార్, మనోళ్లు పోయేకి అవుతుందా?” అని చిత్తూరు పాఠశాలలో పదవ తరగతి కుర్రవాడొకడు ఉపాధ్యాయుని అడిగినాడు. ఆ ఉపాధ్యాయుడు మా మిత్రుడు. ఆయన వెంటనే బదులు చెప్పలేక ఆ ప్రశ్నను మాకు పంపినాడు. చిన్న ప్రశ్నయే. కాని దాని వెంట పోయినకొలది ఒక దేశపు చట్టము, ఒక క్రీడాసంఘపు అభిప్రాయము, ఒక బడి ఇచ్చిన ధ్రువపత్రము, ఈ మూడును ఒకదానికొకటి ముడివడి కనిపించినవి.

ఆ కుర్రవాడు చెప్పిన పందెమునకు స్పీడ్‌వే అని పేరు. కోడిగ్రుడ్డు ఆకారముగల మట్టిబాట, నలుగురు రౌతులు, నాలుగు చుట్లు, మొత్తము ఒక నిమిషపు పని. బండి ఇంజను 500 సీసీలది. దానికి బ్రేకు లేదు, ఉన్నది ఒకే గేరు. పెట్రోలునకు బదులు మిథనాలు పోయుదురు. మలుపు వద్ద వెనుక చక్రమును ప్రక్కకు జారనిచ్చి, ఎడమకాలిని నేలకు ఆనించి బండిని త్రిప్పవలెను. మొదట వచ్చినవానికి మూడు పాయింట్లు, తరువాతివానికి రెండు, మూడవవానికి ఒకటి, కడపటివానికి సున్న. 1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మెయిట్లండ్ పట్టణమున జరిగిన పోటీలతో ఈ ఆటకు రూపమేర్పడినదని చెప్పుదురు. 1928లో అది ఇంగ్లండు చేరినది. నేడు పోలండు, స్వీడన్, డెన్మార్కు, బ్రిటను దేశములలో జట్ల పోటీలు జరుగుచున్నవి. పేరుపడ్డ రౌతు ఒకే వారములో రెండు మూడు దేశములలో పందెమాడి సంపాదించును. కావున ఈ ఆటకు వీసా ప్రశ్న ఊపిరివంటిది.

1962 వరకు కామన్‌వెల్తు పౌరులు బ్రిటనులో ప్రవేశించుటకు అడ్డు లేకుండెను. ఆస్ట్రేలియా, న్యూజీలాండు రౌతులు ఓడలెక్కి పోయి ఆడిరి. చట్టము మాటకు వచ్చినచో చిత్తూరు యువకునికి కూడ ఆనాడు అదే హక్కు ఉండెను. 1962 నాటి చట్టము ఆ తలుపును సగము మూసినది. 1971 నాటి చట్టము దాదాపు పూర్తిగా మూసినది. అయితే ఒక చిన్న ద్వారము మిగిలినది. తాతయో అమ్మమ్మయో బ్రిటనులో పుట్టియున్న కామన్‌వెల్తు పౌరునికి వంశవీసా దొరకును. దానితో ఏ పనియైనను చేయవచ్చును, పందెమైనను ఆడవచ్చును. ఇట్లు మట్టిబాటపై బండి జారించు నేర్పు కంటె తాత పుట్టిన ఊరు విలువైనదైనది. డేనులకు 1973 నుండి, స్వీడనువారికి 1995 నుండి, పోలండువారికి 2004 నుండి ఐరోపా సమాఖ్య సభ్యత్వమే అనుమతి పత్రముగా పనిచేసినది. 2020 డిసెంబరు 31తో బ్రిటను విషయమున అదియు ముగిసినది. అంతవరకు ఒక రాత్రి ప్రయాణముతో వచ్చి ఆడిపోవు రౌతులు ఇప్పుడు వీసా కొరకు నిలువవలసి వచ్చినది. ఎదురు దిక్కున కూడ అంతే. బ్రిటను రౌతు షెంజెన్ దేశములలో 180 దినములలో 90 దినములకు మించి నిలువరాదు. అక్కడ జీతమునకు ఆడుటకు ఆయా దేశముల అనుమతి వేరుగా సంపాదింపవలెను.

బ్రిటను ప్రభుత్వము 2021 అక్టోబరులో అంతర్జాతీయ క్రీడాకారుల వీసా అను నొక దానిని ఏర్పరచినది. పండ్రెండు నెలల లోపు ఉండువానికి ఆంగ్ల పరీక్ష కూడ లేదు. ఇంత ఉదారమా అని తోచును. కాని అసలు మెలిక మరియొక చోట నున్నది. ఆ క్రీడను పాలించు సంఘము ఒక సమర్థన పత్రము నీయవలెను. ఈ ఆటగాడు అత్యున్నత స్థాయిలో అంతర్జాతీయముగా స్థిరపడినవాడనియు, ఇతని రాకవలన మా దేశములో ఈ ఆట అత్యున్నత స్థాయిలో అభివృద్ధి పొందుననియు ఆ సంఘము ధ్రువపరుపవలెను. వైద్యునికి, ఇంజనీరుకు పట్టా చూతురు, జీతము చూతురు. ఆటగానికి చూచునది మునుపటి ఫలితములు. ఏ పోటీలో ఎన్నవ స్థానము? దేశము తరపున ఎన్నిమారులు ఆడినాడు? సగటున ఎన్ని పాయింట్లు తెచ్చినాడు?

ఇప్పుడు మన కుర్రవాని సంగతి చూతము. అంతర్జాతీయ పందెములలో దిగుటకు అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్యకు అనుబంధమైన జాతీయ సంఘమునుండి లైసెన్సు పొందవలెను. మన దేశమున ఆ సంఘము చెన్నైలోనే యున్నది. చిత్తూరునుండి రాణిపేట మీదుగా చెన్నై పోవు రాజమార్గము ప్రక్కనే ఇరుంగాట్టుకోట్టై పందెపు బాట కలదు. దూరము సమస్య కాదు. కాని అది తారుబాట. తారుబాట పందెములు, రాలీలు, గుట్టలపై దూకు పందెములు మన దేశములో ఉన్నవి. మట్టి వలయమున స్పీడ్‌వే జట్ల పోటీలు ఏడాది పొడుగున జరుగు సంప్రదాయము లేదు. పోటీ లేనిదే సగటు లేదు. సగటు లేనిదే సమర్థన పత్రము లేదు. అది లేనిదే వీసా లేదు. వీసా లేనిదే ఆ పోటీలున్న దేశమునకు పోయి నేర్చుకొనుటకు వీలు లేదు. ఈత వచ్చిన పిమ్మటనే నీట దిగుమన్నట్లున్నది ఈ వరుస.

అట్లని ఆ నియమమును కేవలము దుర్మార్గమని మేమనజాలము. స్థానిక యువకులకు జట్టులో చోటు మిగులవలెనని ఏ దేశమైనను కోరును. మన సంఘములైనను అదే కోరును. మాకు బాధ కలిగించునది వేరు. పైమెట్టు మీద నున్నవాని కొక్కనికే తలుపు తెరచి, మెట్లెక్కుచున్నవానికి మూయుటవలన, ఆట ఇప్పటికే ఉన్న దేశములలోనే ఆట పెరుగును.

స్పీడ్‌వే మన జిల్లాలకు దూరపు ముచ్చటయే. కాని ఆ చట్టములోనే మన ఇండ్ల గడపదాక వచ్చు భాగమొకటి కలదు. దానిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె కళాశాలలనుండి పై చదువులకు బ్రిటను పోవువారు తక్కువవారు కారు. విద్యార్థి వీసాపై పోయినవాడు చదువు జరుగు దినములలో సాధారణముగా వారమునకు 20 గంటలు పని చేయవచ్చును. కాని స్వంత వ్యాపారము చేయరాదు. వృత్తి క్రీడాకారునిగా గాని శిక్షకునిగా గాని పని చేయరాదు. ఇంతవరకు న్యాయముగానే యున్నది. వృత్తి క్రీడాకారుడనగా ఎవడు? జీతము తీసికొనువాడని మన మనుకొందుము. బ్రిటను వలస నిబంధనలలోని నిర్వచనము అట్లనదు. జీతము పుచ్చుకొన్నను పుచ్చుకొనకపోయినను అని మొదలుపెట్టి, అది చాల దూరము పోవును. ఆటవలన లోగడ జీవనము గడపినవాడు, ఇకముందు గడపదలచినవాడు, వృత్తి జట్టులో పేరు నమోదైనవాడు, గడచిన రెండేండ్లలో పదునేడేండ్ల లోపువారి స్థాయి మొదలుకొని దేశము తరపున గాని, రాష్ట్రము లేక ప్రాంతము తరపున గాని ఆడినవాడు, వీరందరును ఆ నిర్వచనము క్రిందికి వత్తురు. కేవలము తన వినోదమునకై ఆడుచు, దానివలన జీవనము కోరనివాడు మాత్రమే ఔత్సాహికుడు.

దీని భావమేమో ఒక ఉదాహరణముతో చూతము. పీలేరునందో పుత్తూరునందో ఒక కుర్రవాడు బాగుగా బంతి విసరును. పందొమ్మిదేండ్ల లోపువారి ఆంధ్ర జట్టున రెండు ఆటలు ఆడినాడు. బడిలో ప్రార్థన వేళ అందరు చప్పట్లు కొట్టిరి. ఆ ధ్రువపత్రము చూపి క్రీడాకారుల కోటాలో ఇంజనీరింగు సీటు తెచ్చుకొన్నాడు. తరువాత ఆట కట్టిపెట్టి, కుదుటపడి చదివి, ఇంగ్లండు చేరినాడు. అక్కడి చిన్న ఊరిలో క్రికెట్ క్లబ్బువారు ఇతనిని చూచి, శనివారము మా జట్టున ఆడుము, గది ఇప్పింతుము, పిల్లలకు కొంచెము నేర్పుము అనిరి. డబ్బు లేదుగదా, తప్పేమున్నదని ఇతడు ఒప్పుకొనును. గది కూడ ప్రతిఫలమే. పిల్లలకు నేర్పుట శిక్షకుని పనియే. ఇక ఆంధ్ర జట్టున ఆడి రెండేండ్లు నిండనిచో, అతడు బ్యాటు పట్టకముందే చట్టము అతనికి వృత్తి క్రీడాకారుడని పేరు పెట్టియున్నది. షరతు ఉల్లంఘించినట్లు తేలినచో వీసా రద్దు కావచ్చును. తలిదండ్రులు పొలము కుదువపెట్టి కట్టిన ఫీజు నీటిపాలు కావచ్చును.

వింత ఏమనగా, ఇదే కుర్రవాడు క్రీడాకారుల వీసాకు అర్జీ పెట్టినచో, నీవు అత్యున్నత స్థాయివాడవు కావని త్రోసివేయుదురు. ఆటగానిగా పోవుటకు చాలడు. విద్యార్థిగా పోయి ఆడుటకు మాత్రము మించినవాడు. ఒకే ధ్రువపత్రము ఒక కిటికీ వద్ద తక్కువై, ప్రక్క కిటికీ వద్ద ఎక్కువైనది! 2023లో భారత యువ వృత్తి నిపుణులకై బ్రిటను ఏర్పరచిన పథకము, ఏటేట సుమారు 3,000 మందికి లాటరీ పద్ధతిపై ఇచ్చునది, అందును వృత్తి క్రీడలకు నిషేధమే.

అమెరికాలో దారి వేరు. ముంబయికి చెందిన సౌరభ్ నేత్రావల్కర్ 2010లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచకప్పున భారతదేశము తరపున ఆడి, 2015లో చదువునకై అమెరికా పోయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయుచు, 2024 ప్రపంచకప్పున అమెరికా జట్టు తరపున పాకిస్తానును ఓడించినాడు. అంతర్జాతీయ క్రికెట్ మండలి నియమము ప్రకారము పుట్టుకవలన గాని, పౌరసత్వమువలన గాని, మూడేండ్ల నివాసమువలన గాని ఒక దేశమునకు ఆడవచ్చును. అనగా అచ్చట ఉద్యోగ వీసాయే నివాసమును, నివాసమే ఆటను తెచ్చి పెట్టినది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన పిమ్మట ఆ దారియు ఇరుకైనది.

పరుల గడపను మాత్రమే విమర్శించుట న్యాయము కాదు. మన దేశము విదేశీయునికి ఉద్యోగ వీసా ఇచ్చుటకు ఏటికి పదునారు లక్షల పాతికవేల రూపాయల జీతము ఉండవలెనని నియమము పెట్టినది. శ్రీసిటీలోని జపాను, కొరియా నిపుణులు ఆ లెక్కకు లోబడినవారే. విదేశీ వంటకములు చేయు వంటవారికి, ఆంగ్లము కాని భాషలు నేర్పువారికి మినహాయింపు కలదు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ మోటారు సైకిలు పందెము మొదటిసారి జరిగినపుడు, అనేకమంది రౌతులకును, వారి మరమ్మతు సిబ్బందికిని భారత వీసాలు ఆలస్యమై ప్రయాణములు వాయిదా పడినవి. అందులో ఎన్నో మారులు ప్రపంచ విజేతయైన మార్క్ మార్కెజ్ కూడ ఉండెను. అత్యున్నత స్థాయి అను మాటకు అతనికంటె నిదర్శనమేమి కావలెను? అయినను కాగితము రాలేదు.

ఇక దేశము తరపున ఆడు హక్కు విషయమున మనము మరింత కఠినులము. 2008 డిసెంబరులో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ భారత పాస్‌పోర్టు ఉన్నవారే భారత జట్లలో ఉండవలెనని నిర్ణయించినది. అంతకుముందు డేవిస్‌కప్పున మనకు ఆడిన ప్రకాశ్ అమృతరాజ్ అమెరికా పౌరుడగుటచే ఆగిపోయెను. 2025లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు రయాన్ విలియమ్స్ ఆ పౌరసత్వమును వదలుకొని మన పౌరసత్వము స్వీకరించిన పిదపనే భారత శిబిరమున అడుగుపెట్టగలిగెను. న్యూజెర్సీలోను, డాలసులోను పెరుగుచున్న తెలుగు పిల్లలకును ఇదే వర్తించును.

కాగితమునకు ఇంత బలమున్నదని పాత చిత్తూరు జిల్లా పల్లెలకు ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. పీలేరు, వాయల్పాడు ప్రాంతములనుండి కువైటు పోయినవారిని అడుగుడు. 1983 నాటి వలసల చట్టము క్రింద, పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాడు గల్ఫు దేశములకు పనికై పోవలెనన్న వలసదారుల సంరక్షణాధికారి అనుమతి ముద్ర కావలెను, ఉత్తీర్ణుడైనవానికి అక్కరలేదు. ఒకే ఊరివారు, ఒకే పనికి పోవువారు, అన్నదమ్ములే కావచ్చును. ఇద్దరి పాస్‌పోర్టులును వేరు జాతులవి. ఆ భేదమును కలిగించినది రాయబారి కాదు, మంత్రి కాదు. పల్లెటూరి ఉన్నత పాఠశాల.

ఆటల ధ్రువపత్రము సంగతియు అట్టిదే. మా మిత్రునికి మేము వ్రాసిన జాబులో స్పీడ్‌వే గూర్చి నాలుగే వాక్యములున్నవి: ఇప్పటికి దారి లేదు, తారుబాట పందెములతో మొదలుపెట్టి లైసెన్సు సంపాదించుకొమ్మనుము, పదునెనిమిదేండ్లు నిండువరకు ఘాటురోడ్డున సాధన చేయవలదనుము, పదవ తరగతి మాత్రము తప్పవలదనుము. తక్కిన జాబంతయు బడిలోని క్రికెట్, కబడ్డీ పిల్లలను గూర్చి. రాష్ట్ర జట్టున ఆడిన ప్రతివానికి ఇచ్చు పత్రములో ఏ వయోవర్గము, ఏ పోటీ, కడపటి ఆట ఏ దినమున జరిగినది అను మూడును విడివిడిగా వ్రాసి, నకలొకటి కార్యాలయమున ఉంచుమని కోరితిమి. సాధారణముగా అట్టి పత్రములపై సంవత్సరము మాత్రమే ఉండును, తేదీ ఉండదు. రెండేండ్ల లెక్క మొదలగునది ఆ తేదీనుండియే.