గేదె పుండుకు ఎర్ర వెలుగు: నమ్మే ముందు పరీక్ష జరగాలి

వర్షాకాలం వచ్చిందంటే కొల్లేరు లంక గ్రామాల్లో పాడి రైతుకు కంటిమీద కునుకుండదు. చేపల చెరువు గట్ల మీది ముళ్ల తీగ గీసుకుని, బురదలో కాళ్లు నాని గేదెలకు పుండ్లు పడతాయి. ఈగ వాలితే మర్నాటికల్లా పురుగు పడుతుంది. గేదె మేత మానుతుంది, పాలు తగ్గుతాయి, ఇల్లు గడవడం కష్టమవుతుంది.

ఎర్ర వెలుగు పడితే పుండు మానుతుందన్న మాట ఈ మధ్య ఊళ్లలో వినబడుతున్నది. గత వర్షాకాలంలో మా పొరుగు రైతు ఒకరు ఆ మాట నమ్మి, చావిడిలో గేదె కాలికి దగ్గరగా ఎర్ర బల్బు వేలాడదీశారు. మూడు రోజులు చూశారు. నాలుగో రోజు పశువుల డాక్టరు వచ్చి పుండు కడిగితే గుప్పెడు పురుగులు రాలినవి.

అట్లాగని ఈ వైద్యం వట్టి బూటకమని కొట్టివేయరాదు. వెలుగుతో చర్మ క్షయకు చికిత్స చేసినందుకే డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. 1967లో హంగరీ వైద్యుడు మెస్టర్ ఎలుకల వీపు గొరిగి లేజరు ప్రసరింపజేయగా వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తరువాత మానని పుండ్లపైనా ఆయన దానిని ప్రయోగించారు. నేడు విదేశాలలో కుక్కలకు, గుర్రాలకు ఈ వైద్యం చేస్తున్నారు. కణాలకు శక్తినిచ్చే భాగాలను ఈ కాంతి చురుకు చేస్తుందని శాస్త్రజ్ఞుల భావన. అయితే కొన్ని పరీక్షల్లో పుండు త్వరగా మానింది, కొన్నింటిలో తేడా కనబడలేదు. దీనికి వాడేది లెక్క కట్టిన కాంతి, బజారులో దొరికే ఎర్ర బల్బు కాదు.

ఇక్కడే అసలు చిక్కున్నది. నల్లని చర్మం వెలుగును పైపైనే పీల్చుకుంటుంది. మోతాదు తగ్గితే ఫలితం ఉండదు, మించితే పుండు మానడం మందగించవచ్చు. ఎలుకకూ కుక్కకూ కుదిరిన మోతాదు మన గేదెకు కుదురుతుందని ఎట్లా నమ్మడం? పైగా గేదెల చెవి పుండుకు కారణం ఈగలు మోసుకువచ్చే సన్నని పురుగు. దానికి మందు పడవలసిందే. తాడేపల్లిగూడెం వైపు ఎద్దులున్న రైతులు మరొకటి గమనించాలి. కొమ్ము మొదట్లో మానని పుండు క్యాన్సరు కావచ్చు. దాని మీద ఈ కాంతి వేయరాదు. లేజరు కంటిలో పడితే చూపుకే ప్రమాదం.

ఏలూరుకు గన్నవరం పశువైద్య కళాశాల ఎంతో దూరం లేదు. అక్కడి వారు కొల్లేరు గేదెలపై పరీక్ష జరపాలి. కొన్నింటికి మామూలు కట్టు, కొన్నింటికి కట్టుతోపాటు కాంతి ఇచ్చి, ఫలితం మంచైనా చెడైనా రైతులకు తెలుగులో తెలపాలి. మేలని తేలితే ఏలూరు, తాడేపల్లిగూడెం పశువుల ఆసుపత్రులకు ఒక్కొక్క యంత్రం ఇవ్వాలి. రైతు అప్పు చేసి కొనుక్కునే అవస్థ రాకూడదు.

అంతవరకు పాత పద్ధతే శరణ్యం. కాచి చల్లార్చిన ఉప్పు నీటితో పుండు కడగండి. ఈగలు వాలకుండా చుట్టూ వేపనూనె రాయండి. పశువును పొడి నేల మీద కట్టండి. పురుగు కనబడితే 1962కు ఫోను చేయండి. వెలుగు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు.