చిన్న వేట యనునది లేదు

బాతులను కొట్టు వేటగానియొద్ద నొక సమాధానము సర్వదా సిద్ధముగా నుండును. కణుజును చంపలేదు, దుప్పిని ముట్టలేదు, ఒక్క పిట్టను కొట్టితిని, ఇదియు నొక నేరమేనా యని అతడడుగును. వేకువజామున నీటియొడ్డున నాటుతుపాకి పట్టి పొంచియుండు నతడు తన చేతను పక్షి తూకముతో తూచుకొనును. అడవి మాత్రము దాని నట్లు తూచదు.

గూడెం కొత్తవీధి మండలమున సీలేరు తీరమును చూచినవారికి ఈ మాట సులభముగా బోధపడును. ఎగువను మాచ్‌ఖండ్ పేరుతో పారి, ఇచట సీలేరై, శబరిలో కలిసి గోదావరిని చేరు నీ నదికి గుంటవాడయొద్దను, దిగువను డొంకరాయియొద్దను విద్యుదుత్పాదనకై కట్టిన కట్టలవలన కొండల నడుమ విశాల జలాశయము లేర్పడినవి. నీరున్నచోటికి బాతులు వచ్చును గాని, అవి యొంటరిగా రావు. వేసవిలో వాగు లెండినప్పుడు కణుజులు, కొండగొర్రెలు, అడవిపందులు, ఎలుగుబంట్లు, వీనిలో కొన్నింటిని వెన్నాడుచు చిరుత, అన్నియు నదే రేవునకు దిగును.

విచిత్రమేమనగా, బాతువేటకు కావలసిన నేర్పే వేటగానిని ఎలుగుబంటి నోట పెట్టును. బాతు చూపు చురుకైనది గనుక అతడు వెలుగు రాకమునుపే పోయి, అలికిడి చేయక, తుంగలో నొదిగి కూర్చుండవలెను. ఎలుగునకు చూపు మందము. మనిషి మిక్కిలి దగ్గర పడువరకు అది గుర్తింపదు. గుర్తించిన క్షణమున బెదరి మీద పడును. అడవిదారిని బిగ్గరగా మాటాడుకొనుచు పోవువారి అలికిడికి తొలగిపోవు మృగమే, ఊపిరి బిగబట్టిన వేటగానికి ముఖాముఖి తటస్థించును. పిట్టలకై నింపిన సన్నగుళ్ళు దాని నాపజాలవు. గాయపరచి మరింత రెచ్చగొట్టును.

జిమ్ కార్బెట్ 1944లో వెలువడిన ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ గ్రంథపు తొలిపలుకులలో, బాలుడై యుండగా, గొట్టము చీలిన పాతతుపాకితో అడవికోళ్ళను పొంచి పోయి, పొదపైనుండి తొంగిచూడగా అవతల పులి లేచి వచ్చిన వృత్తాంతము చెప్పినాడు. ఆ పులి అతనిని చూచి మెల్లగా తొలగిపోయినది. అది పులి యొక్క ఔదార్యము. దానిని వేటగాని నేర్పుగా నెన్నరాదు.

శాసనకర్తలు కూడ ఈ సంగతిని ముందే ఊహించిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ సెక్షను ప్రకారము ప్రాణరక్షణార్థము సద్బుద్ధితో మృగమును చంపుట నేరము కాదు. అయితే ఆ ఆపద వచ్చు సమయమున అతడా చట్టమును మీరిన పనిలో నున్నచో ఈ మినహాయింపు వర్తింపదు. కావున బాతుకై పోయి ఎలుగును చంపినవానికి రెండు నేరములును మెడకు చుట్టుకొనును. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనునికి పోడుభూమిపైనను, చిన్నతరహా అటవీఫలసాయముపైనను హక్కులిచ్చియు, వేటను స్పష్టముగా మినహాయించినది. చైత్రమున ఇటుకల పండుగకు వేటకు పోవుట తరతరముల ఆచారముగా గలవారికే లేని హక్కు, పట్టణమునుండి కారులో వచ్చు విలాసపురుషునికి ఎక్కడినుండి వచ్చును? అతని సరదా కొరకు తుపాకి అద్దెకిచ్చి, దారిచూపి, తుదకు కేసులో నిరుకునది పేద గిరిజన యువకుడే యగుట మరింత అన్యాయము.

కనుక ఈ శీతకాలమున సీలేరు చూడబోవు పాఠకులకు నా మనవి యొక్కటే. ఒక్క పిట్టయే గదా యని ప్రోత్సహించు మిత్రుని వెంట పోకుడు. పక్షులను చూడగోరినచో పగటివేళ, నలుగురితో కలిసి, మాటాడుకొనుచు పొండు. ఎలుగు చీరిన మనిషిని ఆ కొండలనుండి నర్సీపట్నము పెద్దాసుపత్రికి చేర్చుటకు ఘాటుదారిని గంటల తరబడి ప్రయాణము చేయవలసియుండును.