దణ్ణాలు సరే, తెలిసిందెంత?
యూనివర్సిటీ పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదని వాపోయేవాళ్లతో నాకు పేచీ. గౌరవానికేం, పండక్కి ఊరెళ్తే తాతయ్య కాళ్లకు దణ్ణం పెట్టే వస్తారు. ముసలితనం గురించి వాళ్లకేం తెలుసన్నదే నా బెంగ. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎర్డ్‌మన్ పాల్మోర్ 1977లో దీని మీదే 25 అంశాల చిన్న పరీక్ష తయారుచేశాడు. ఒప్పో తప్పో చెబితే చాలు. ముసలివాళ్లలో ఎక్కువమందికి మతి తప్పుతుంది, కొత్తవి నేర్చుకోలేరు: రెండూ తప్పే. మన క్యాంపస్‌లలో అడిగితే ఒప్పని తలూపేవాళ్లు తక్కువేమీ ఉండరని నా అనుమానం. బామ్మ ఒకే మాట పదేపదే అడుగుతుంటే చాదస్తమని నవ్వేసే మనవడికి, మామూలు మరుపు వేరు, డిమెన్షియా జబ్బు వేరు అని చెప్పిన పాఠమేదీ? 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైమాటే. రేపు వాళ్లకు మందులు రాసే డాక్టరూ, పింఛను కాగితాలు చూసే గుమాస్తా, చీమల్లాంటి అక్షరాలతో బ్యాంకు యాప్ చేసే ఇంజినీరూ ఇవాళ హాస్టల్లో ఉన్నవాళ్లే. నీతిబోధలు చాలించి (వాటితో బాగుపడినవాణ్ణి నేనైతే చూడలేదు), డిగ్రీ ఏదైనా సరే వృద్ధాప్యం మీద ఒక పేపరు పెట్టండి. మార్కులు లేకపోతే ఎవరూ చదవరు కనుక, మార్కులతో సహా.