సెంట్రల్ హాల్లో మా పిల్లలకు చోటివ్వండి

గౌరవనీయ లోక్‌సభ స్పీకర్ శ్రీ ఓం బిర్లా గారికి,



పాత పార్లమెంటు భవనం గురించి మీకీ ఉత్తరం రాస్తున్నాను. 2023 సెప్టెంబర్ 19న ఉభయ సభలూ పక్కనే కట్టిన కొత్త భవనంలోకి మారాయి. పాతదానికి ఆ రోజే సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. పేరు బాగుంది. ఆ పేరుకు తగ్గ పని ఇంకా మిగిలి ఉంది. పార్లమెంటు ప్రాంగణం మీ అధికార పరిధిలోది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఏ ఎంపీ సిఫారసూ అవసరం లేకుండా, గుర్తింపు కార్డు చూపించి, ఏ ఊరివాళ్లైనా ఆ భవనాన్ని లోపలంతా తిరిగి చూసే ఏర్పాటు చేయండి. ఏడాది పొడుగునా చేయండి. వచ్చినవాళ్ల భాషలో చెప్పే మనిషిని తోడివ్వండి.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. రాజ్యాంగ పరిషత్ పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల లేచి, "వాళ్లంతా ఎక్కడ కూర్చుని రాశారు సార్?" అని అడుగుతుంది. పుస్తకంలో బొమ్మ చూపిస్తాను. గుండ్రటి భవనం, చుట్టూ స్తంభాలు. ఇళ్లలో పెద్దవాళ్లకు కూడా ఆ బొమ్మ తెలుసు, పాత యాభై రూపాయల నోటు వెనక ఉండేది అదే. ఢిల్లీ వెళ్లొచ్చిన మా ఊరివాళ్లు ఎర్రకోట చూస్తారు, కుతుబ్ మీనార్ దగ్గర ఫొటో దిగుతారు, ఇండియా గేటు దగ్గర ఐస్‌క్రీమ్ తింటారు. పార్లమెంటును మాత్రం బస్సు కిటికీలోంచి చూసి వస్తారు.

ఆ భవనం పుట్టుకే చెప్పుకోదగ్గ కథ. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తామని 1911లో ప్రకటించి, ఎడ్విన్ లుట్యెన్స్, హెర్బర్ట్ బేకర్‌ల చేత కొత్త నగరానికి ప్లాను గీయించినప్పుడు, అందులో చట్టసభకు విడిగా భవనమే లేదు. 1919 సంస్కరణలతో కేంద్రంలో రెండు సభలు వచ్చాక గానీ ఆ అవసరం గుర్తుకు రాలేదు. బేకర్ త్రికోణంగా కడదామన్నాడు, లుట్యెన్స్ గుండ్రంగా ఉండాలని పట్టుబట్టాడు, చివరకు లుట్యెన్స్ మాటే నెగ్గింది. (ఇప్పటి కొత్త భవనం త్రికోణాకారంలోనే ఉందని పిల్లలకు చెబితే వాళ్ల కళ్లు మెరుస్తాయి.) 1921 ఫిబ్రవరి 12న డ్యూక్ ఆఫ్ కన్నాట్ శంకుస్థాపన చేశాడు. ఆరేళ్లు పట్టింది, 83 లక్షల రూపాయలు ఖర్చయింది. 1927 జనవరి 18న వైస్రాయి ఇర్విన్ ప్రారంభించాడు. 560 అడుగుల వ్యాసం, 12 ద్వారాలు, ఇరవై ఏడేసి అడుగుల ఎత్తున 144 స్తంభాలు.

ఈ అంకెలు ఏ గైడైనా అప్పజెప్పగలడు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ భవనానికి దొరికిన చోటు. రైసినా గుట్ట మీద, రాజమార్గం కొసన, వైస్రాయి నివాసం. దాని ముందు అటూ ఇటూ సచివాలయాలు. జనం తరఫున మాట్లాడేవాళ్లు కూర్చునే సభ మాత్రం గుట్ట దిగువన, రాజమార్గం నుంచి పక్కకు తప్పుకుని, ఒక మూల. ఏలేవాడు ఎత్తున, అడిగేవాళ్లు పల్లాన. అక్కడ నిలబడి ఒకసారి గుట్ట వైపు, ఒకసారి ఆ గుండ్రటి వరండా వైపు చూస్తే పరాయి పాలన అంటే ఏమిటో పిల్లలకు వెంటనే బోధపడుతుంది. క్లాసులో అదే విషయం చెప్పడానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది, అయినా సగమే ఎక్కుతుంది.

మధ్యప్రదేశ్‌లోని మితావలీ చౌసఠ్ యోగిని ఆలయాన్ని చూసే ఈ భవనం గీశారని చాలామంది నమ్ముతారు. పోలిక కంటికి కనిపించేదే. కానీ గీసినవాళ్లు ఆ ఆలయాన్ని చూశారనడానికి పత్రాధారం లేదు. మీరు నియమించే గైడు ఈ రెండు మాటలూ చెప్పాలని నా కోరిక. అబ్బురంతో పాటు ఆధారం అడగడం కూడా పిల్లలకు అక్కడే అలవడాలి.

ఆ ఇంటి చరిత్రలో సందర్శకులకు మొదటి నుంచీ చోటుంది. 1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ అసెంబ్లీలో బాంబులు వేసింది సందర్శకుల గ్యాలరీలోంచే. ఎవరినీ చంపాలని వేసినవి కావవి. కరపత్రాలు విసిరి, నినాదాలిచ్చి, పారిపోకుండా అక్కడే నిలబడి పట్టుబడ్డారు. ఆ సమయంలో సభాధ్యక్ష స్థానంలో ఉన్నది విఠల్‌భాయ్ పటేల్. మీరు మొన్నటిదాకా సభ నడిపిన గది అదే కదా. ఆ గ్యాలరీలో పావుగంట కూర్చున్న పిల్లవాడికి భగత్ సింగ్ సినిమా హీరోగా కాక, ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడిగా కనిపిస్తాడు.

సెంట్రల్ హాల్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 98 అడుగుల వ్యాసమున్న గుమ్మటం కింద, ఒకప్పటి గ్రంథాలయాన్ని సవరించి రాజ్యాంగ పరిషత్తుకు సిద్ధం చేశారు. 1946 డిసెంబర్ 9న సచ్చిదానంద సిన్హా తాత్కాలిక అధ్యక్షుడిగా సభ అక్కడే మొదలైంది. 1947 జులై 22న జాతీయ పతాకాన్ని ఆమోదించిందీ, ఆగస్టు 14 అర్ధరాత్రి అధికారం అందుకున్నదీ, 1950 జనవరి 24న సభ్యులు వరసగా వచ్చి రాజ్యాంగం మీద సంతకాలు చేసిందీ ఆ హాల్లోనే. గుమ్మటానికి వేలాడదీయడం కుదరక, నేల నుంచి లేచిన కంబాల మీద తలకిందులుగా బిగించిన ఫ్యాన్లు కూడా చూడవలసినవే. చిన్నపిల్లలకు ముందుగా కళ్లకు ఆనేవి అవే, ఆనివ్వండి.

1949 నవంబర్ 26న, రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజున, బాబూ రాజేంద్రప్రసాద్ సభ చేసిన పని లెక్క చెప్పారు. 165 రోజుల సమావేశాలు, ప్రతిపాదనకు వచ్చిన వేల సవరణలు, వాటిలో సభ ముందుకొచ్చినవి 2,473. వాటితో పాటు ఇంకో లెక్క కూడా చెప్పారు. రాజ్యాంగం చర్చలో ఉన్నన్నాళ్లూ గ్యాలరీలోకి అనుమతించిన సందర్శకులు 53,000 మంది అని. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. శరణార్థులతో ఢిల్లీ కిటకిటలాడుతోంది. అలాంటి రోజుల్లో కూడా సామాన్యులను లోపలికి రానిచ్చారు, ఎందరొచ్చారో లెక్కపెట్టారు, ఆ లెక్కను చివరి రోజున సభకు గర్వంగా వినిపించారు. స్పీకర్ గారూ, నా ఉత్తరానికి ఆధారం ఆ ఒక్క అంకె.

మా తెలుగు పిల్లలకు ఆ హాలుతో చుట్టరికం కూడా ఉంది. సభలోని పదిహేనుమంది మహిళల్లో ఒకరు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు, పద్నాలుగేళ్ల వయసులో, ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసిన పిల్ల ఆవిడ. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు సీమవారు, న్యాపతి మాధవరావు బందరువారు. ఇద్దరూ అంబేడ్కర్ గారి అధ్యక్షతన పనిచేసిన ముసాయిదా సంఘంలో ఉన్నారు. టంగుటూరి ప్రకాశం, పట్టాభి, రంగా గార్లు ఆ బెంచీల మీదే కూర్చున్నారు. హైదరాబాద్ సంస్థానం నుంచి మాత్రం ఎవరూ కూర్చోలేదు. తెలంగాణ పిల్లలకు ఆ ఖాళీని చూపించి ఎందుకో చెప్పడం కూడా చరిత్ర పాఠమే.

అంతగా ప్రచారంలో లేని గది ఒకటుంది. సంస్థానాధీశుల మండలి కోసం కట్టిన గది అది. 1950 జనవరి 28న మన సుప్రీంకోర్టు ప్రారంభమైంది అక్కడే. 1958లో సొంత భవనానికి వెళ్లేదాకా ఆ గదిలోనే తీర్పులు చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లను కులాల వారీగా పంచిన ఉత్తర్వును 1951 ఏప్రిల్‌లో చంపకం దొరైరాజన్ కేసులో కోర్టు కొట్టేసింది. మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. రెండు నెలలు తిరక్కుండా అదే కప్పు కింద ఇంకో గదిలో పార్లమెంటు మొదటి సవరణ చేసి, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు రాజ్యాంగంలోకి తెచ్చింది. ఒక గదిలో తీర్పు, మరో గదిలో సవరణ. మా బడిలో ఫీజు రాయితీ మీద చదివే పిల్లలు ఆ రెండు గదుల మధ్య నడిచి చూడాలి. శాసనశాఖ, న్యాయశాఖ అని నేను బోర్డు మీద గీసే రెండు గడులకు అప్పుడు ప్రాణం వస్తుంది.

చేదు విషయాలూ దాచకండి. ప్రతిపక్ష నాయకులెందరో జైళ్లలో ఉండగా 42వ సవరణ ఆమోదం పొందింది ఆ భవనంలోనే. 2014 ఫిబ్రవరిలో మా రాష్ట్ర విభజన బిల్లు వేళ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిందీ, ప్రత్యక్ష ప్రసారం ఆగిందీ అక్కడే. రెండు రాష్ట్రాల వాళ్లమూ దాన్ని వేరువేరుగా గుర్తుంచుకున్నాం, అయినా ఒకే చోట నిలబడి వినగలం. 2001 డిసెంబర్ 13న ఉగ్రవాదులను అడ్డుకుంటూ ప్రాణాలిచ్చిన భద్రతా సిబ్బంది పేర్లు, ఆ రోజు చనిపోయిన తోటమాలి పేరు పిల్లలు గట్టిగా చదవాలి.

భద్రత మీకున్న పెద్ద బరువని తెలుసు. 2023లో అదే డిసెంబర్ 13న కొత్త సభలోకి ఇద్దరు గ్యాలరీ నుంచి దూకినప్పుడు సందర్శకుల పాసులు ఆపేయవలసి వచ్చింది. కానీ సంవిధాన్ సదన్‌లో ఇప్పుడు సభలు జరగడం లేదు. తనిఖీ ఎంత కట్టుదిట్టంగా ఉన్నా మాకు అభ్యంతరం లేదు, ఫోన్లు బయటే పెట్టి వస్తాం. అధికారిక కార్యక్రమాలున్న రోజుల్లో మూసేయండి.

ఇది ఎవరూ చేయని పని కాదు. ఆస్ట్రేలియా పాత పార్లమెంటు కూడా మనదాని లాగే 1927లోనే మొదలైంది. 1988లో వాళ్లు కొత్త భవనానికి మారారు. కాన్‌బెర్రాలోని ఆ పాత భవనం ఈనాడు ప్రజాస్వామ్య మ్యూజియం. మనకూ 2006లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన పార్లమెంటు మ్యూజియం గ్రంథాలయ భవనంలో ఉంది, మంచి ప్రయత్నం. అయితే దండి యాత్రను బొమ్మల్లో చూపించవచ్చు గానీ, రాజ్యాంగం పుట్టిన హాలే చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు దానికి బొమ్మ అక్కర్లేదు. బెంచీలు తీయకండి. తెరలు, లేజర్లు పెట్టకండి. పిల్లలను ఆ బెంచీల మీద కూర్చోబెట్టి, ఆనాటి చర్చల్లోంచి ఒక పేజీ వాళ్ల భాషలో చదివించండి. సభలో తెలుగు ప్రసంగాన్ని అప్పటికప్పుడు అనువదించే నిపుణులు మీ సచివాలయంలో ఉన్నారు. సమావేశాలు లేని నెలల్లో వాళ్లతోనే ఈ పేజీలు సిద్ధం చేయించవచ్చు.

2027 జనవరి 18కి ఆ భవనానికి నూరేళ్లు నిండుతాయి. ఉత్సవం ఎలాగూ చేస్తారు. ఆ వారం ప్రతి రాష్ట్రం నుంచీ ప్రభుత్వ బడుల పిల్లలతో మొదలుపెట్టండి. ఒక చిన్న విన్నపం: తేదీలు, దరఖాస్తు పత్రం అన్ని భాషల్లోనూ అక్టోబరులోనే ప్రకటించండి. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, సంక్రాంతి తిరుగు ప్రయాణాల రద్దీలో నలభై మంది పిల్లలకు ఒకే బోగీలో బెర్తులు దొరకాలంటే మొదటి రోజు పొద్దున్నే కౌంటర్ దగ్గరుండాలి. నేనుంటాను.

భవదీయుడు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు